‘రాలేదా?’ అంటే ‘అవును’ అనాలా, ‘లేదు’ అనాలా?

మీరు అడిగింది ఒక్క ప్రశ్నలా కనిపిస్తోంది గానీ అందులో మూడున్నాయి. మీది దేవరకొండ వైపు ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో కస్టమర్ సపోర్ట్‌లో. ఫోన్‌లో అవతలి మనిషి ‘డిడ్ంట్ యు గెట్ ది మెయిల్?’ అంటే, మెయిల్ రాలేదు కాబట్టి మీరు ‘యెస్’ అంటున్నారు. వాళ్లేమో వచ్చిందనుకుని తర్వాతి మాటలోకి వెళ్లిపోతున్నారు. మీ ట్రెయినర్ ఇది తెలుగువాళ్ల చెడ్డ అలవాటు అన్నారు. మనం అనేది నిజంగా తప్పేనా, మిగతా భాషల్లో ఎట్లా అంటారు, ఇంగ్లీషుకు ఒక్క ‘నో’ సరిపోతుంటే మనకు కాదు, లేదు, వద్దు అని ఇన్ని ఎందుకు అని మీ సందేహం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కోర్టుల్లో సాక్షులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి మార్చే పనిలో చాలా ఏళ్లున్నాను. ఔను, కాదు అనే మాటలకు ఎంత బరువుంటుందో అక్కడ రోజూ కనిపిస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ట్రెయినర్ మాట తీసుకుందాం. మీ అలవాటులో చెడ్డేమీ లేదు. ‘వాన పడలేదా?’ అని ఎవరైనా అడిగితే మనం ‘ఔను, పడలే’ అంటాం. ఆ ‘ఔను’ వాన గురించి కాదు, అడిగినవాడి మాట గురించి. నువ్వన్నది నిజమే అని ముందు ఒప్పుకుని, ఆ తర్వాత వాన సంగతి చెబుతున్నాం. ఇంగ్లీషు ‘యెస్’కు అడిగినవాడి మాటతో పని లేదు, అది జరిగిన సంగతినే చూస్తుంది. జరిగితే యెస్, జరగకపోతే నో. ‘వచ్చిందా?’ అన్నా ‘రాలేదా?’ అన్నా దాని జవాబు మారదు. ప్రశ్న ‘వచ్చిందా?’ అని ఉన్నంతసేపు రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇస్తాయి కాబట్టి తేడా బయటపడదు. ప్రశ్నలోకి ‘లేదు’ రాగానే రెండూ చెరోదారి పడతాయి.

మన పద్ధతి మన ఒక్కరిదే కూడా కాదు. జపాన్‌లో ‘ఇకనై నో?’ అంటే ‘వెళ్లవా?’ అని. వెళ్లనివాడు ‘హాయ్, ఇకనై’ అంటాడు. ఔను, వెళ్లను అని. కొరియావాళ్ల ‘నే’ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. చైనాలో ‘దుయ్’ అంటారు, ‘సరిగ్గా అంతే’ అని దాని అర్థం. ‘నువ్వు వెళ్లవా?’ అంటే ‘దుయ్, వెళ్లను’. టోక్యో నుంచైనా సియోల్ నుంచైనా ఇంగ్లీషు నేర్చుకునే మనిషికి మీకొచ్చిన ఇబ్బందే వస్తుంది. రెండు పద్ధతులు ఎదురుపడిన చోట గందరగోళం వస్తుంది తప్ప, అందులో ఒకటి తెలివైనదీ ఇంకొకటి తెలివితక్కువదీ అని ఏమీ లేదు.

ఇక్కడ మన తెలుగులో ఇంకో ముడి ఉంది, చాలామంది గమనించరు. ‘మెయిల్ రాలేదా?’ అంటే ‘ఔను, రాలే’ అంటాం, ‘లేదు, రాలే’ అని కూడా అంటాం. రెండింటి అర్థం ఒకటే! ఇదెట్లా కుదిరిందంటే, మన ‘లేదు’ ఇంగ్లీషు ‘నో’ లాంటి విడి మాట కాదు. అది క్రియ. ‘రాలేదా’ అనే ప్రశ్న తోకలో ఉన్న ‘లేదు’నే పట్టుకుని జవాబుగా తిరిగి ఇస్తున్నాం. ‘ఔను’ అన్నప్పుడు మనిషి మాటను ఒప్పుకుంటున్నాం, ‘లేదు’ అన్నప్పుడు అతని క్రియను తిరిగి పలుకుతున్నాం. రెండు దారులూ ఒకే ఇంటికి చేరుతున్నాయి.

మరి అడిగినవాడి మాట తప్పయితే? ‘మెయిల్ రాలేదా?’ అన్నారు, కానీ వచ్చింది. అప్పుడు ఒట్టి ‘ఔను’ అంటే రాలేదని అర్థమవుతుంది. ‘కాదు, వచ్చింది’ అనొచ్చు గానీ మాట్లాడేటప్పుడు అంత తొందరగా నోట రాదు. చాలా భాషలు ఈ ఒక్క అవసరం కోసమే మూడో మాట పెట్టుకున్నాయి. ఫ్రెంచివాళ్లకు ‘వి’ అంటే ఔను, ‘నోఁ’ అంటే కాదు. ‘రాలేదా?’ అన్న మాటను ఖండించి ‘వచ్చింది’ అనడానికి మాత్రం ‘సి’. జర్మన్‌లో ‘యా’, ‘నైన్’ ఉండగా ఈ పనికి ‘దోఖ్’ ఉంది. స్వీడన్‌లో ‘యూ’, హంగరీలో ‘దె’. ఇంగ్లీషులో అది లేదు కాబట్టి వాళ్లు ‘యెస్, ఐ డిడ్!’ అని గొంతు పెంచి చెప్పాల్సి వస్తుంది.

మన దగ్గర ఉర్దూ చదువుకున్న ఇళ్లల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. అరబీలో ‘నఅమ్’ అంటే ఔను, ‘లా’ అంటే కాదు, వీటికి తోడు ‘బలా’. ఖురాన్ 7వ సూరా 172వ ఆయత్‌లో దేవుడు మనుషులందరినీ అడుగుతాడు: ‘అలస్తు బిరబ్బికుమ్?’ నేను మీ ప్రభువును కానా? వాళ్లు ‘బలా’ అన్నారు. అక్కడ ‘నఅమ్’ అని ఉంటే ‘ఔను, కావు’ అని అర్థం వచ్చే ప్రమాదం ఉందని అరబీ వ్యాకరణం చెప్పేవాళ్లు ఈ వాక్యాన్నే చూపిస్తారు. ఉర్దూ అనువాదాల్లో చాలావాటిలో ఈ ‘బలా’కు పెట్టిన మాట ‘క్యోఁ నహీఁ’. ఎందుకు కాదు!

పారసీకానికి, అంటే ఇరాన్ వాళ్ల ఫార్సీకి వెళ్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అక్కడ మూడో మాట ‘చెరా’. మామూలుగా దానర్థం ‘ఎందుకు?’ అనే. ‘నువ్వు రాలేదా?’ అంటే ‘చెరా, వచ్చాను’.

ఇప్పుడు మన ఊరి మాట వినండి. ‘నిన్న నువ్వు బజారుకు రాలే?’ ‘ఎందుకు రాలే, వచ్చిన!’ ‘నీకు తెల్వదా?’ ‘ఎందుకు తెల్వదు, తెలుసు.’ ‘ఇంట్ల బియ్యం లేవా?’ ‘ఎందుకు లేవు, ఉన్నయ్.’ పారసీకం, ఉర్దూ, తెలుగు మూడూ ఖండించడానికి ఒకే ఉపాయం పట్టుకున్నాయి: ప్రశ్నకు ప్రశ్న వేసి తిప్పికొట్టడం. జర్మన్ ‘దోఖ్’కు తెలుగులో సమానమైన మాట లేదని అంటుంటారు. నా మట్టుకు ఈ ‘ఎందుకు రాలే’ అదే. నల్లగొండ సంతలో దీన్ని గంటకు ఎన్నోసార్లు వినొచ్చు. వ్యాకరణ పుస్తకాల్లో దీనికి అంత చోటు దొరకలేదు, అంతే.

ఇంగ్లీషు కూడా ఎప్పుడూ ఇప్పట్లా రెండు మాటలతో లేదు. ఒకప్పుడు అందులో నాలుగుండేవి. మామూలు ప్రశ్నకు ‘యే’, ‘నే’. లేదు కలిసిన ప్రశ్నకు ‘యెస్’, ‘నో’. అంటే ‘వచ్చాడా?’కు ‘యే’, ‘రాలేదా?’ అన్నది తప్పయితే ‘యెస్’. ఈ తేడా 16వ శతాబ్దానికి చెదిరిపోసాగింది. విలియం టిండేల్ బైబిల్ అనువాదంలో ‘నే’ ఉండాల్సిన చోట ‘నో’ పెట్టాడని థామస్ మోర్ 1532లో తప్పుపట్టాడు. ఇద్దరి మధ్య మతం గొడవ పెద్దది, అందులోకే ఈ చిన్న మాట కూడా వచ్చింది. తర్వాత ‘యెస్’, ‘నో’ రెండే నిలిచి అన్ని ప్రశ్నలకూ అవే జవాబయ్యాయి. ఈ రోజు మీరు ఫోన్‌లో పడుతున్న టెన్షన్ కొంత ఆ నష్టం వల్లే.

అసలు ఔను, కాదు అనే విడి మాటలే లేకుండా బతికే భాషలున్నాయి. ఐర్లాండ్ భాషలో ‘అర్థమవుతోందా?’ అని అడిగితే ‘టిగిమ్’ అంటారు, నాకు అర్థమవుతోంది అని. లేకపోతే ‘నీ హిగిమ్’, అర్థం కావడం లేదు అని. అడిగిన క్రియనే ఔనని గానీ కాదని గానీ తిప్పి చెప్పడం, అంతే. పాత లాటిన్‌లోనూ ఔను అనడానికి స్థిరమైన ఒక్క మాట లేదు. క్రియను తిరిగి అనేవాళ్లు, లేదంటే ‘సిక్’ అనో ‘ఇతా’ అనో అనేవాళ్లు. రెండింటికీ ‘అట్లనే’ అని అర్థం. ఆ ‘సిక్’ అరిగి ఇటలీ, స్పెయిన్‌లలో ‘సి’ అయింది. ఫ్రాన్స్ దక్షిణాన ‘ఇది’ అనే అర్థమున్న ‘హోక్’ నుంచి ‘ఓక్’ వచ్చింది. ఉత్తరాన ‘హోక్ ఇల్లె’ కాస్తా ‘ఓయిల్’ అయి, ఇప్పుడు ‘వి’గా మిగిలింది. 14వ శతాబ్దం మొదట్లో ఇటలీ కవి డాంటే ఈ మూడు భాషలనూ వాళ్లు ఔను అనే తీరును బట్టే విడదీశాడు: ఓక్ అనేవాళ్లు, ఓయిల్ అనేవాళ్లు, సి అనేవాళ్లు. దక్షిణ ఫ్రాన్స్‌లో ‘లాంగ్‌దోక్’ అని ఒక ప్రాంతం ఉంది, ‘ఓక్ భాష’ అనే దాని అర్థం. ఒక నేలకు ఔను అనే మాట మీదుగా పేరొచ్చింది.

మన పల్లెల్లో ‘వచ్చినవా?’ అంటే ‘వచ్చిన’. ‘తిన్నవా?’ అంటే ‘తిన్న’, ‘ఇంక తినలే’. ‘రేపు వస్తవా?’ ‘రాను.’ రోజంతా చెవి పెట్టి వినండి, ‘ఔను’ అనే మాట మీరనుకున్నన్ని సార్లు వినిపించదు. మనమూ ఐర్లాండ్ వాళ్లలాగే క్రియతోనే ఒప్పుకుంటాం, క్రియతోనే కాదంటాం. పైగా ‘రాను’ అన్న మాటలో కాదు అనే ముక్క ఎక్కడుందో వేరు చేసి చూపించలేం. ‘రాను, రావు, రాడు, రాదు, రాము, రారు’ అంటూ వ్యతిరేకార్థం క్రియ లోపలే ఉంటుంది. ద్రావిడ భాషల పాత సొత్తు ఇది, తెలుగు దాన్ని బాగా కాపాడుకుంది. ఫిన్లాండ్ భాషలో ‘కాదు’ అనే మాటే మనిషిని బట్టి మారుతుంది: నేను అయితే ‘ఎన్’, నువ్వు అయితే ‘ఎత్’, అతను అయితే ‘ఎయ్’, మేము అయితే ‘ఎమ్మె’. దీన్ని ప్రపంచంలో ఒక వింతగా చెబుతుంటారు. మన ‘లేను, లేవు, లేడు, లేదు, లేము, లేరు’, ‘కాను, కావు, కాడు, కాదు’ చేసే పని వేరే ఏం కాదు.

‘అవును’ కూడా క్రియే. ‘అగు’ అనే ధాతువు నుంచి ‘అగును’, దాని నుంచి ‘అవును’. మన వాడుకలో అది ‘ఔను’, ఇంకా అరిగి ‘ఔ’. అంటే ‘అది అట్లే అవుతుంది’ అని. మక్తల్ దాటి కృష్ణ అవతలికి పోతే కన్నడవాళ్లు ‘హౌదు’ అంటారు. అది పాత ‘అహుదు’ నుంచి వచ్చింది, ధాతువు అదే. తమిళుల ‘ఆమ్’ కూడా ‘ఆకుమ్’ కుదించుకుపోయిన రూపం, ధాతువు మళ్లీ అదే. అక్కాచెల్లెళ్లు ముగ్గురూ ఒకే మాటతో ఒప్పుకుంటున్నారు. సంస్కృతంలో ‘ఓమ్’ అనేది మొదట ఒప్పుకోలు శబ్దమని ఛాందోగ్య ఉపనిషత్తే మొదటి అధ్యాయంలో చెబుతుంది: ఎవరు దేనికి అనుమతి ఇచ్చినా ‘ఓమ్’ అనే అంటారు అని.

‘అగు’ ధాతువుకు మన దగ్గర రెండు పనులున్నాయి, ఉండటం, జరగడం. ‘ఇది మీ పొలమేనా?’ అంటే ‘కాదు’. ‘ఈ పని ఇయ్యాల అయితదా?’ అన్నా ‘కాదు’. మొదటిది ‘నాది కాదు’, రెండోది ‘జరగదు’. మన వైపు మాటలో రెండోది చాలా ఎక్కువ. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఈ ‘కాదు’ విని కాసేపు తికమకపడటం నేను చూశాను.

ఇక మీ మూడో ప్రశ్న, ఇన్ని కాదులెందుకని. నాకు అన్నింటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఉన్నదా అంటే లేదు. అదేనా అంటే కాదు. కావాలా అంటే వద్దు. తెలుసా అంటే తెల్వదు. సరిపోతుందా అంటే చాలదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో తలుపు. ఇంగ్లీషులో అన్నింటికీ ఒకే ‘నో’.

కోర్టులో దీని విలువ తెలుస్తుంది. ‘నువ్వు అతన్ని కొట్టినవా?’ అని అడిగితే సాక్షి ‘లేదు’ అంటాడు. ‘అతన్ని కొట్టింది నువ్వేనా?’ అని అడిగితే ‘కాదు’ అంటాడు. ఇంగ్లీషులో రెండూ ‘నో’. కానీ మొదటి జవాబులో తాను కొట్టడం అనేదే జరగలేదు. రెండో జవాబులో ఎవరో కొట్టారన్నది అలాగే నిలిచి ఉంది, ఆ కొట్టిన మనిషిని తాను కాదంటున్నాడు, అంతవరకే. అక్కడ అసలు గొడవే కాలేదని వాదించే పక్షం తెచ్చిన సాక్షి ‘కాదు’ అన్నాడంటే ఎదుటి లాయరు వెంటనే పట్టుకుంటాడు: ‘అయితే ఇంకెవరు కొట్టిన్రు?’ సాక్షి చదువుకోకపోవచ్చు, కానీ లేదుకూ కాదుకూ ఉన్న తేడా అతనికి పుట్టుకతో తెలుసు. ఎక్కడ ఏది వాడాలో తడబడడు. ఆ తేడా ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కకుండా జారిపోతే, జారవిడిచినవాళ్లం మేమే.

వేల్స్ భాషవాళ్లు ఈ కష్టం విని వెంటనే అర్థం చేసుకుంటారు. వాళ్లకు ‘పాలు ఉన్నాయా?’ అంటే ‘ఓయ్స్’, లేకపోతే ‘నాగ్ ఓయ్స్’. ‘నువ్వు టీచరువేనా?’ అన్నట్టు ఒక మాట మీద ఒత్తి అడిగితే మాత్రం ‘ఈయె’, ‘నాగె’. మన ఉంది-లేదు, అవును-కాదు జంటలకు ఇంత దగ్గరి చుట్టాలు ఐరోపాలో దొరుకుతాయని మొదటిసారి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఇండోనేషియావాళ్లు ఇంకా దగ్గర. ‘బుకాన్’ అంటే కాదు, ‘తిదక్’ అంటే లేదు, ‘జాంగన్’ అంటే ‘చెయ్యొద్దు’లోని వద్దు. వీటికి తోడు ‘బెలుమ్’, ‘ఇంకా కాలేదు’ అని. అక్కడ ‘పెళ్లయిందా?’ అని అడిగితే కానివాళ్లు ‘బెలుమ్’ అంటారు. మన దగ్గరా అదే జవాబు కదా, ‘ఇంకా కాలే’. ఒట్టి ‘కాలేదు’ అంటే ముందుకూ కాదేమో అన్నట్టు వినిపిస్తుందని ఆ ‘ఇంకా’ తగిలిస్తాం. చైనాలో కూడా ‘బు షి’ కాదు, ‘మెయ్ యోవ్’ లేదు, ‘బు యావ్’ వద్దు. కన్నడంలో అల్ల, ఇల్ల, బేడ. మలయాళంలో అల్ల, ఇల్ల, వేండ. తమిళ మాట్లాడే భాషలో మాత్రం ‘అల్ల’ పోయి రెండింటికీ ‘ఇల్ల’ ఒక్కటే అయింది.

నారాయణపేట బజారులో ఒక పూట గడిపితే ఇవన్నీ ఒక్కచోట వినిపిస్తాయి. తెలుగు ‘వద్దు’, కన్నడ ‘బేడ’, మరాఠీ ‘నకో’, దక్కనీ ‘నక్కో’. ఈ ‘నక్కో’ మరాఠీ ‘నకో’ నుంచే వచ్చింది. ఢిల్లీ ఉర్దూలో లేని ఈ మాటను దక్కనీ ఎందుకు తెచ్చుకుందంటే, నా లెక్కలో, చుట్టూ ఉన్న భాషలన్నింటిలో ‘వద్దు’కు ఒక విడి మాట ఉంది, ఉర్దూలో మాత్రం ‘నహీఁ చాహియే’ అని రెండు మాటలు కూడబెట్టాలి. పక్కవాళ్లకున్న సౌకర్యం చూసి తెచ్చుకుంది.

కోర్టులో ‘రాలేదా?’ తికమకను ఎట్లా దాటుతారో చెప్తే మీకు పనికొస్తుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు తన వాదననే ప్రశ్నగా వేస్తాడు, దాన్ని సజెషన్ అంటాం. ‘నువ్వు ఆ రోజు అక్కడ లేవు, అవునా?’ అన్న తీరులో. జవాబును సూచించే ఇలాంటి ప్రశ్నలు క్రాస్‌లో వేయొచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని చోట కొత్త చట్టం వచ్చినా ఆ వీలు అలాగే ఉంది. సాక్షి ‘కాదు’ అంటాడు. ఆ ఒక్క మాటను ‘నో’ అని రాసుకుంటే, అతను ఉన్నట్టా లేనట్టా? చదివేవాళ్లు ఎటైనా లాగొచ్చు. అందుకే మన దేశపు కోర్టు రికార్డుల్లో పూర్తి వాక్యం ఉంటుంది: ‘ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ఐ వాజ్ నాట్ ప్రెజెంట్’. తెలుగులో అయితే ‘నేను ఆ రోజు అక్కడ లేననడం వాస్తవం కాదు’. కొత్తగా చూసేవాళ్లకు ఈ వాక్యం మెలికలు తిరిగినట్టు అనిపిస్తుంది. నాకు మాత్రం దీనంత నిజాయితీ ఉన్న వాక్యం కనిపించదు. ప్రశ్న ఏమిటో, దాన్ని ఒప్పుకున్నాడో కాదన్నాడో రెండూ అందులోనే ఉన్నాయి. పదేళ్ల తర్వాత హైకోర్టులో ఇంకెవరో చదివినా అర్థం మారదు.

సాక్షి దగ్గర జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకొకటి ఉంది, ‘ఆఁ’. ప్రశ్న ఇంకా సగంలో ఉండగానే మనవాళ్లు ‘ఆఁ... ఆఁ...’ అంటూ ఉంటారు. అది ఒప్పుకోవడం కాదు, వింటున్నానని చెప్పడం. కథ చెప్పేటప్పుడు ఊకొట్టడం లాంటిదే. జపాన్‌లోనూ ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపు ‘హాయ్, హాయ్’ అంటారు, దానికి వాళ్లు ‘ఐజుచి’ అని పేరు పెట్టుకున్నారు. బేరం కుదిరిపోయిందనుకుని మోసపోయే విదేశీ వ్యాపారుల గురించి మీరు వినే ఉంటారు. ఓపిక ఉన్న జడ్జి అయితే ప్రశ్న మళ్లీ అడిగించి, ‘నోటితో పూర్తిగా చెప్పమ్మా’ అంటారు. మీ ఫోన్ పనిలో కూడా ఇది గుర్తుంచుకోండి. కస్టమర్ ‘ఆఁ’ అన్నంత మాత్రాన మీ మాటకు సరే అన్నట్టు కాదు.

తల ఊపడం గురించి ఎక్కువ చెప్పను. ‘తలూపాడు’ అంటే మనకు ఒప్పుకున్నట్టు, ‘తల అడ్డంగా ఊపాడు’ అంటే కాదన్నట్టు. బల్గేరియాలో దాదాపు తిరగబడి ఉంటుంది. గ్రీసులో తల పైకెత్తి నాలుకతో చప్పుడు చేస్తే కాదని. అదే గ్రీసులో ‘నె’ అంటే ఔను, పక్కనే బల్గేరియాలో ‘నె’ అంటే కాదు. పోలండ్‌లో మాటల మధ్య ‘నో’ అంటే ‘ఆఁ, ఔను’ అని. చెవికి ఒకేలా వినిపించిన శబ్దాన్ని నమ్మి భాషలు పోల్చకూడదు.

కాదు అనకుండా కాదనడం మాత్రం మనవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. ఇంట్లో బియ్యం అయిపోతే ‘లేవు’ అనరు, ‘నిండుకున్నయ్’ అంటారు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. అప్పు అడిగితే ‘చూద్దాం తియ్’ అంటారు, అడిగినవాడికి జవాబు తెలిసిపోతుంది. జపాన్ ఆఫీసుల్లో ‘కెంతో షిమస్’, ఆలోచిస్తాం అని, తరచుగా అదే పని చేస్తుంది. దీన్ని దొంగమాట అనేవాళ్లతో నేను ఏకీభవించను. ‘లేదు’ మన భాషలో బరువైన మాట కాబట్టే, ఎదుటి మనిషి ముఖం చూసి దాన్ని పక్కకు పెడతాం. అయితే ఫోన్‌లో అవతల ఉన్నది వేరే దేశం మనిషి అయితే ‘వి విల్ సీ’ అన్న మాటను అతను ఆశగా తీసుకుంటాడు. ఆ పని చేయలేకపోతే మర్యాదగానే, కానీ తేటగా చెప్పాలి.

ఇప్పుడు రేపు డ్యూటీలో ఏం చేయాలో చెప్తాను. ఇంగ్లీషులో ‘లేదు’ కలిసిన ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఇవ్వకండి. యెస్, నో ఏదనాలో తోచకపోతే రెండూ వదిలేసి నేరుగా ‘ఐ డిడ్ంట్ గెట్ ఇట్’ అనండి, మన ‘రాలే’ లాగా. యెస్, నో అనే తీరాలంటే ఒక్క సూత్రం: యెస్ తర్వాత నాట్ రాకూడదు, నో తర్వాత నాట్ లేకుండా ఉండకూడదు. ‘నో, ఐ డిడ్ంట్.’ ‘యెస్, ఐ డిడ్.’ ఎదుటివాడి మాట సరైనదేనని మన పద్ధతిలో చెప్పాలనిపిస్తే ఇంగ్లీషులో దానికీ దారి ఉంది. ‘దట్స్ రైట్, ఐ డిడ్ంట్’ అనండి. ఈ ‘దట్స్ రైట్’ అచ్చం మన ‘ఔను’ లాగే అడిగినవాడి మాటను ఒప్పుకుంటుంది, ఇంగ్లీషువాళ్లకు తికమక రాదు. ట్రెయినింగ్‌లో యెస్, నో ఎట్లా అనాలో చెబుతారు గానీ ఈ మాట చెప్పరు. మనవాళ్లకు ముందుగా నేర్పాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

‘డు యు మైండ్ హోల్డింగ్?’ అని అడిగితే ఆగడానికి ఇష్టమున్నవాడు ‘నో’ అనాలి. కస్టమర్లు చాలామంది ‘యెస్’ అనేసి ఆగుతారు కూడా. మీరే ఆ ప్రశ్న వేయకుండా ‘కెన్ యు హోల్డ్ ఫర్ ఎ మినిట్?’ అంటే సరిపోతుంది.

మీరు ప్రశ్న వేసేటప్పుడు, తెలుగు కస్టమర్‌ను గానీ ఇంగ్లీషు కస్టమర్‌ను గానీ, ‘రాలేదా?’ అని అడగకండి, ‘వచ్చిందా?’ అనే అడగండి. చాట్‌లో ఇది ఇంకా ముఖ్యం, గొంతు వినిపించదు కాబట్టి. ‘హావ్ంట్ యు రిసీవ్డ్ ది రీఫండ్?’ అని మీ స్క్రిప్ట్‌లోనే ఉండి, అవతలి మనిషి ఒట్టి ‘యెస్’ అని కొట్టాడనుకోండి. టికెట్ క్లోజ్ చేయకుండా ‘సో యు హావ్ రిసీవ్డ్ ఇట్?’ అని ఇంకోసారి అడగండి. ఆ స్క్రిప్ట్ వాక్యాన్ని మార్చమని మీ టీమ్ లీడర్‌కు రాతపూర్వకంగా పెట్టండి, పైన రాసిన కారణాల్లో ఏదైనా వాడుకోండి.